డిలీట్ బటన్ నొక్కిన మెహమూద్

దేవరకొండ బస్టాండు ఎదురుంగ లాల్ బీ చాయ హోటల్ల మెహమూద్ నోరు తెరిచిండంటె కప్పులల్ల చాయ సల్లారాల్సిందే. హోటల్ పక్కపొంటే రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఆయనది. దుకాణంల కూసునేది గంట, హోటల్ల కూసునేది మూడు గంటలు. ఆయన చెప్పేదాంట్ల నిజమెంతో కోతలెంతో ఎవరూ తేల్చుకోవాలని చూడలే. తేల్చుకుంటె మజా పోతదని అందరికీ ఎర్కే.

తొంభై తొమ్మిదిల, శ్రావణమాసం, అంగడి రోజు. పదకొండు గొట్టంగ వాన అందుకున్నది. అంగడికొచ్చినోళ్లు ఎక్కడోళ్లక్కడ చూర్ల కిందికి ఉరికిండ్రు. లాల్ బీ రేకుల కింద పది మంది దాక చేరిండ్రు. గొర్ల బేరం చేసే గుర్వయ్య, బస్సు డిపోల మెకానిక్కు ఐలేశం ముందటి బల్ల మీద కూసున్నరు. రేకుల మీద వాన దంచుతాంది. బయటికి పోయే తొవ్వ లేదు. మెహమూద్‌కు ఇంతకన్న మంచి దినం ఏముంటది?

"భాయ్, ఎల్లస్వామి రికార్డింగ్ రూంల గా కంప్యూటర్ నువ్వే తయారుచేసినవంట గద?" అని ఐలేశం అడగనే అడిగిండు.

"తయారుచేసుడు ఏం పెద్ద ముచ్చట ఐలేశం," అని మెహమూద్ కాలు మీద కాలు ఏసుకున్నడు. "పట్నం పోయి డబ్బా ఒక కాడ, బోర్డు ఒక కాడ, సౌండు కార్డు ఒక కాడ కొనుక్కొచ్చి బిగించిన. గది స్క్రూడ్రైవర్ ఉన్నోడు ఎవడన్న బిగిస్తడు. బిగించినంక దాన్ని మన మాట ఇనేటట్టు చేసుడున్నది చూడు, గది అసలు పని. పాటలు పట్టే కంప్యూటరంటే ఆఫీసుల కాయితాలు కొట్టే కంప్యూటర్ అసుంటిది కాదు. మైకుల మనిషి పాడుతుంటే గొంతు ఎనుక 'టిక్కు, టిక్కు' అని ఒకటే సప్పుడు. ఎల్లస్వామి తలకాయ పట్టుకున్నడు. పట్నంల అడిగితె కార్డు మార్చాలె అన్నరు. నేనన్న, మార్చుడు లేదు గీర్చుడు లేదు, నువ్వు జర పక్కకు జరుగు స్వామీ అని. కంప్యూటర్ చాలు చేసినంక ముందుగాల ఒక నల్ల తెర వస్తది, రెండు సెకండ్లే ఉంటది, గా రెండు సెకండ్లల డిలీట్ బటన్ కొట్టాలె. కొట్టినవా, నీలం తెర లేస్తది. దాని పేరు బయోస్. డబ్బా ఎట్ల లేవాలె, ఎట్ల నడవాలె, ఎవడికి ఏం పని, అన్నీ అండ్లనే రాసి ఉంటయి."

"అండ్ల ఏం చేసినవ్?" అన్నడు గుర్వయ్య.

"లోపల ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క నంబరు ఉంటది గుర్వయ్యా. పనిపడ్డప్పుడు గా నంబరు మీద గంట కొట్టి పెద్ద చిప్పును పిలుస్తది. సౌండు కార్డుకు, ఫోను కార్డుకు ఒక్కటే నంబరు పడ్డది. మీ డిపోల ఇద్దరు డ్రైవర్లకు ఒక్కటే బస్సు రాసినట్టు, ఐలేశం. ఇద్దరూ స్టీరింగు పట్టుకుంటె బస్సేమైతది? గదే టిక్కు టిక్కు. ఎవరూ వాడని ప్రింటర్ తొవ్వ బంద్ పెట్టిన, ఏడో నంబరు ఖాళీ అయింది, సౌండు కార్డుకు గా ఏడు ఇచ్చిన. సప్పుడు బంద్. ఇంకోటి, ఎవరన్న పావుగంట పాడంగనే డబ్బాకు కునుకు వస్తుండె. కరెంటు మిగిలించుతనని దానంతటదే పండుకుంటది. గా కునుకు గూడ నీలం తెరలనే బంద్ పెట్టిన."

ఇంతవరకు ఆయన చెప్పిందాంట్ల ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయనకే జర విచిత్రమనిపించింది. ఇయ్యాల ఇక్కడికి చాలు అనుకున్నడేమో గూడ. కప్పు కింద పెట్టి లేవబోయిండు.

గప్పుడే గొంగడి తల మీదికెల్లి కప్పుకొని ఒక మనిషి రేకుల కిందికొచ్చిండు. గొంగడి తీసి దులిపి, గుంజ పక్కన గోనెసంచి మీద కూసున్నడు. గుట్టవతల పల్లె కురుమ బీరన్న. మారెమ్మ కొడుకు.

మెహమూద్ లేవబోయినోడు మల్ల కూసున్నడు. మారెమ్మ సచ్చిపోయి నెల కాలే. కర్మకు గూడ పోలే మెహమూద్. అంగడికి బీరన్న వస్తడని తెలిసి పోయిన రెండు అంగళ్లకు దుకాణం తెరవలే. ఇయ్యాల పొద్దుగాల మబ్బు జూసి, ఎవరూ రారనుకొని తెరిచిండు.

సంగతేందంటే, మారెమ్మకు ఉన్ని వడుకుతా పాడే పాట ఒకటి వస్తుండె. గంటన్నర పాట. గొర్రె పుట్టిన కాడికెల్లి గొంగడి మనిషి మీదికెక్కే దాక ఉన్న ముచ్చటంత అండ్ల ఉంటది. మొత్తం వచ్చినామె గా చుట్టుపక్కల ఆమె ఒక్కతే. ఫాల్గుణంల ఎల్లస్వామి ఆమెను రూంకు పిలిచి మైకు ముందల కూసోవెట్టిండు. మెహమూద్ కంప్యూటర్ల పట్టిండు. నడుమ ఒక్కసారి మంచినీళ్లు తాగి మొత్తం పాడింది ముసలామె. రేపొచ్చి ఇనిపోత బిడ్డా, అన్నది.

ఆ పాట ఇప్పుడు యాడా లేదు. డిస్కు దానంతటదే కాలిపోయిందని ఎల్లస్వామికి చెప్పిండు మెహమూద్. పాట పట్నం పోయింది, సాఫ్ చేసి పంపుతరని మారెమ్మకు చెప్పిండు. ఏమైందో ఆయనొక్కనికే ఎర్క.

బీరన్న మొఖం తుడుచుకొని ఇటు చూసిండు. "మెహమూద్ భాయ్, నీతోని ఒక మాట..."

"కూసో బీరన్నా, కూసో! తడిసొచ్చినవ్. ఆపా, బీరన్నకు చాయ ఇయ్యి, అల్లం జర ఎక్కువెయ్యి," అని లాల్ బీకి చెప్పి, ఊపిరి తీసుకోకుండ ఐలేశం దిక్కు తిరిగిండు. "నేను యాడ ఆపిన? ఆ, కునుకు కాడ. గప్పుడేమైందో ఎర్కేనా? నేను అక్కడ ఆగలే!"

మాట ఆగితే బీరన్న అడుగుతడు. అందుకే మాట ఆగొద్దు. ఆయన తలకాయల గదొక్కటే తిరుగుతాంది.

"చిప్పుకు ఒక వేగం రాసిపెట్టి ఉంటది ఐలేశం, మూడొందలని. నీలం తెరలకు పోయి మూడొందల యాభై చేసిన. ఏం కాలే. నాలుగొందలు చేసిన. లోపటి పంకా ఊళ పెట్టింది. ఎల్లస్వామి వద్దు భాయ్ వద్దు భాయ్ అని నా చెయ్యి గుంజుతుండు, నేను ఆరొందలు కొట్టిన. పంకా గాలికి బల్ల మీది కాయితాలు కిటికీలకెల్లి పోయి ఖిల్లా మీద పడ్డయి. నిజం! ఎల్లస్వామి లుంగీ రెండు చేతుల్తోని పట్టుకొని నిలబడ్డడు."

హోటలంత నవ్వింది. లాల్ బీ గూడ జల్లెడ పట్టుకొని నవ్వింది. మెహమూద్ వారకంట చూసిండు. బీరన్న నవ్వలే. చాయ అందుకొని ఊదుకుంట ఇంటుండు.

వేగం అన్న మాట నోట్లెకెల్లి వచ్చినప్పుడే మెహమూద్ తననే తిట్టుకున్నడు. లోకంల ఇన్ని మాటలుండంగ గా మాట ఎందుకొచ్చిందో.

"డబ్బా ఎంత వేడెక్కిందంటే," అని గొంతు ఇంక జర పెంచిండు, "దాని మీద గిన్నె పెట్టి అన్నం వండుకున్నం."

"ఎన్ని బియ్యం పోసిండ్రు?" గుర్వయ్యకు గిసుంటియి కావాలె.

"సోలెడు. పలుకు లేకుండ ఉడికింది. కాని గది గూడ పెద్దది కాదు గుర్వయ్యా. పాటల పనిల ఒక కష్టమున్నది. మనిషి మైకుల అంటడు, డబ్బా లోపలికి పోతది, మల్ల చెవుల పెట్టుకున్న ఫోన్లకు వస్తది. నడుమ జర ఆలస్యం. పాడేటోనికి తన గొంతే ఎనుకకెల్లి ఎవరో ఎక్కిరిచ్చినట్టు వినిపిస్తది. గా ఆలస్యం తగ్గియ్యాలె. పట్నంల పెద్ద పెద్ద స్టూడియోలల్ల తగ్గియ్యలేక వదిలేసిండ్రు. నేను నీలం తెరల కిందికి, కిందికి, ఇంక కిందికి పోయిన. ఎవడూ పోని జాగా ఉన్నది అండ్ల. తగ్గించిన. ఎంట్రుక మందం మిగిలింది. ఇంక తగ్గించిన. సున్న అయింది. మనిషి అన్నదీ చెవుల పడ్డదీ ఒక్కటే. గప్పుడేమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అన్నడు ఐలేశం.

"సున్న కింద గూడ ఒక మెట్టున్నది. గా మెట్టు దిగిన."

"సున్న కిందనా?"

"పాడేటామె ఇంక నోరు తెరవలే. పాట వచ్చేసింది!"

గుర్వయ్య తొడ మీద చరుచుకొని నవ్విండు. "మల్ల ఆమె ఏం చేసింది భాయ్?"

"ఏం చేస్తది, పాడే పనే లేకపాయె. డబ్బా పాడుతుంటే ఎదురుంగ కూసొని తలకాయ ఊపింది."

"గా పాడేటామె ఎవరు?"

అడిగింది గుర్వయ్య కాదు, ఐలేశం కాదు. గుంజ కాడికెల్లి వచ్చింది ఆ గొంతు. నవ్వులు తగ్గినయి.

మెహమూద్ చాయ కప్పు ఎత్తిండు. అండ్ల చాయ లేదు. అయినా ఒక గుటక మింగిండు.

"మీ అమ్మనే బీరన్నా."

"మా అమ్మ పాట పట్నం పోయిందని చెప్పినవ్ గద."

"పోయింది, వచ్చింది. వచ్చి డబ్బాలనే ఉన్నది."

"ఉన్నదా?"

"ఉండక యాడికి పోతది!" ఆ మాట అననైతే అన్నడు మెహమూద్. ఇప్పుడు ఉన్నదంటే చూపియ్యమంటడు, ఎల్లస్వామి రూం ఇరవై అడుగుల దూరం. ఏదన్న ఒకటి అడ్డం ఎయ్యాలె. అడ్డం దానంతటదే దొరికింది.

ఐలేశం పెద్దమనిషి తీరుగ మాట కలిపిండు. "భాయ్, పేపర్ల రాసిండ్రు. ఇంక నాలుగు నెలలకు రెండు వేల సంవత్సరం వస్తది గద, కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోయి ఆగిపోతయంట. మల్ల గా పాట ఏమైతది?"

"నా డబ్బా ఆగదు!" అని మెహమూద్ బల్ల మీద ఒక దెబ్బ ఏసిండు. "ఎందుకాగదో ఎర్కేనా? తారీఖు గూడ గా నీలం తెరలనే ఉంటది. అది నా చేతిలున్నది. ఒకనాడు రేపటి తారీఖు పెట్టిన. మైకు ముందల ఎవరూ లేరు, తలుపు ఏసున్నది, డబ్బాల రేపటి పాట పడ్డది. తెల్లారి ఒక పిల్ల వచ్చి అదే పాట, అదే గొంతు, అదే దగ్గు! ఇగ చూస్కో, నాకు నిద్ర పట్టలే. ముందటికి పోతే ఎనుకకు ఎందుకు పోదు? మారెమ్మవ్వ పాట ఉన్నది గద, దాన్ని లోపలనే పెట్టి, తారీఖు ఎనుకకు తిప్పిన. అందుకే బీరన్నా, అది ఇప్పుడు అప్పటికప్పుడు బయటికి రాదు, ఎనుకటి తారీఖుల కట్టేసి ఉన్నది..."

"ఎంత ఎనుకకు?" అన్నడు బీరన్న.

"నలభై ఏండ్లు."

ఎవరూ నవ్వుతలేరు. అందరూ ముందటికి వంగిండ్రు. గుర్వయ్య నోట్లె బీడీ ఆరిపోయింది. మెహమూద్ కోతలు వాళ్లకు కొత్త కాదు, కాని ఇయ్యాల ఆయన గొంతుల ఏదో ఉన్నది. చెంపల మీద చెమట కారుతాంది. ఆయన చూపు ఎవరి మీదా నిలుస్తలేదు.

"నలభై ఏండ్లు ఎనుకకు తిప్పంగనే ముసలి గొంతు పోయింది. పద్దెనిమిదేండ్ల మారెమ్మ గొంతు వచ్చింది. ఎనుక గొర్ల మెడలల్ల గంటలు. రాటం తిరిగే సప్పుడు. కుక్క మొరిగింది. గాలి గూడ ఇన్న నేను, మీ గుట్ట మీది గాలి. ఎల్లస్వామి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నడుమ ఒక మగమనిషి గొంతు గూడ వచ్చింది."

బీరన్న చాయ కప్పు కింద పెట్టిండు. మెల్లగ పెట్టిండు.

"మగమనిషిదా?"

"ఔ."

"మా నాయినదా?"

బీరన్న తండ్రి ఎన్నడో పోయిండు. మెహమూద్ ఆయనను చూడనే లేదు. కాని ఇప్పుడు కాదంటే ముచ్చటంత కూలిపోతది. ఔనంటే ఇంకొన్ని నిమిషాలు గడుస్తయి. నిమిషాలే కావాలె ఆయనకు, వాన తగ్గే దాక.

"మీ నాయినదే బీరన్నా."

"ఏమన్నడు?"

లాల్ బీ పొయ్యి మీది గిన్నె దింపింది. "మెహమూద్, చాలు ఇగ," అన్నది చిన్నగ. ఆయన ఇనలే.

"ఏమన్నడంటే... 'మారీ, చీకటి పడుతాంది, గొర్లను తోల్కరా' అన్నడు. గంభీరమైన గొంతు. మొత్తం నీ గొంతు తీరే ఉన్నది."

బీరన్న కొంచెంసేపు ఆయన మొఖం దిక్కే చూసిండు. కోపం లేదు ఆ చూపుల.

"మా నాయిన పుట్టుమూగ, మెహమూద్ భాయ్," అన్నడు.

గుర్వయ్యకు నవ్వు తన్నుకొచ్చింది, సగంల ఆపుకున్నడు. ఐలేశం నేల చూపు చూసిండు. మెహమూద్, నలభై ఏండ్ల మనిషి, ఈ బల్ల మీద పదేండ్లకెల్లి కూసునే మనిషి, చేతులు యాడ పెట్టుకోవాల్నో ఎర్కలేక ఒళ్లె పెట్టుకున్నడు.

"పాట లేదు బీరన్నా," అన్నడు.

గుర్వయ్య ఆరిన బీడీ బల్ల కింద పడేసిండు.

"నేనే పోగొట్టిన. డిస్కు కాలిపోలే. పట్నం పోలే. మీ అమ్మ పాడిన తెల్లారి పొద్దున ఎల్లస్వామి రాకముందుకే రూంకు పోయిన. కాసెట్టులకు ఎక్కియ్యాల్సింది, గది చెయ్యలే. ఇంక జోరుగ నడిపిద్దామని నీలం తెరలకు పోయిన. నన్నెవరూ అడగలే. వేగం మార్చిన, అది చాలక డిస్కు నంబర్లు గూడ మార్చిన. ఇగ డబ్బా లేవలే. డిస్కు కనవడుతలేదన్నది. నాకు బుగులైంది. పాత నంబర్లు మల్ల పెట్టుంటే చాలు, పాట అండ్లనే ఉంటుండె బీరన్నా. నాకు తర్వాత ఎర్కయింది. గప్పుడు చేతులు వణుకుతున్నయి, ఎల్లస్వామి వచ్చే యాల్లయితాంది. డిస్కు ఖరాబైందనుకొని, ఫ్లాపీ పెట్టి సాఫ్ చేసిన. మొత్తం తుడుస్త, తుడవాల్నా అని డబ్బా అడిగింది. ఔనని కొట్టిన."

ఇంత సిన్న మాటలల్ల ఆయన ముచ్చట చెప్పంగ ఎవరూ ఇనలే ఎన్నడు.

బీరన్న గొంగడి మడత పెట్టి ఒళ్లె ఏసుకున్నడు. "అమ్మకు గా దినమే ఎర్క," అన్నడు.

మెహమూద్ తల ఎత్తిండు.

"తెల్లారి పాట ఇనవచ్చింది గద. నువ్వు పట్నం పోయిందన్నవ్. ఇంటికొచ్చి చెప్పింది, పాట పోయింది బిడ్డా, గా మెహమూద్ మొఖంల నెత్తురు లేదు, పరేషాన్ల ఉన్నడు, రెండు దినాలాగి పిలుస్తడు, మల్ల పాడొస్త అని. ప్రతి అంగడికి వచ్చి నీ దుకాణం ముందల ఎందుకు నిలబడేదనుకున్నవ్? పాట అడగనీకె గాదు. పాడుమంటవేమోనని."

మెహమూద్‌కు ఆ నిలబడుడు కండ్ల ముందలికొచ్చింది. భుజం మీద ఉన్ని మూట, చేతిల కర్ర. దూరంకెల్లే చూసి ఈయన మాట అందుకునేటోడు. వస్తాంది అవ్వా, పాట సాఫ్ అయితాంది. బొంబాయి పోయింది అవ్వా, అక్కడ పెద్ద మిషన్ల పెట్టిండ్రు. ఆమె ఇని, అట్లనా బిడ్డా, అని పోయేది.

"ఇంటికొచ్చి నవ్వుతుండె," అన్నడు బీరన్న. "ఇయ్యాల పాట బొంబాయి పోయిందంట, వచ్చే వారం దుబాయ్ పోతదేమో, నేను నల్గొండనే చూడలే, నా పాట చూస్తాంది అని. ఆషాఢంల జరమొచ్చింది. దవాఖానల పది దినాలున్నది. పిలిస్తె జరంతోని గూడ వస్తుండె భాయ్. నువ్వు ఒక్క మాట పంపితే అయిపోతుండె."

లాల్ బీ కొంగుతోని మొఖం తుడుచుకున్నది. మెహమూద్ ఏమన్నా అది తక్కువే అయితుండె.

"గిప్పుడు నేను గది అడగనీకె రాలే," అన్నడు బీరన్న. "మా చెల్లె అండాలుకు పాట వచ్చు. ఈ నాలుగు నెలలు అమ్మ రోజూ పాడింది, నువ్వు పిలిచే యాల్లకు మర్చిపోవద్దని. ఇని ఇని దానికొచ్చింది. మొత్తం రాదు. ఆఖరుకు గొంగడి అంచు కట్టే కాడ ఉన్న ముక్క రాదు. గది నాకూ రాదు, ఎవ్వరికీ రాదు. ఉన్నకాడికి పట్టాలె. చెల్లెను ఎల్లస్వామి రూంల కూసోవెట్టొచ్చిన. నీతోని అయితదా, కాదా? అదొక్కటి చెప్పు."

"అయితది."

"ఎంతసేపు?"

"ఆమె పాడినంతసేపే."

"నడువు."

ఇద్దరూ వానలనే దిగిండ్రు.

రూంల అండాలు మైకు ముందల చాప మీద కూసున్నది. ముప్పై ఏండ్లుంటయి, తల్లి తీరే పొడుగు మొఖం. ఎల్లస్వామి తలుపు కాడ నిలబడ్డడు. మెహమూద్ కంప్యూటర్ చాలు చేసి డిలీట్ బటన్ కొట్టిండు. నీలం తెర లేసింది. ఒక్కొక్కటి చదివిండు. డిస్కు నంబర్లు సరిగున్నయా, ఉన్నయి. సౌండు కార్డుకు ఏడు, ఉన్నది. కునుకు బంద్, ఉన్నది. వేగం మూడొందలు. ఏదీ ముట్టలే. మార్చినయి దాచకుండ పోవాల్నా అని తెర అడిగింది. ఔనని కొట్టి బయటికొచ్చిండు.

"పాడమ్మా," అన్నడు.

"ఏమన్న ముచ్చట చెప్పేదుంటె ముందే చెప్పు అన్నా," అన్నది అండాలు. "నడుమ చెప్తె నేను మర్చిపోత."

మెహమూద్ లేదన్నట్టు తలకాయ ఊపిండు.

ఆమె కండ్లు మూసుకొని అందుకున్నది. మొదట గొంతు వణికింది, గొర్ల మంద వాగు దాటే కాడికొచ్చినంక కుదిరింది. మెహమూద్ తెర మీద లేచి పడే గీత దిక్కే చూసుకుంట కూసున్నడు. రేకుల మీద వాన తగ్గింది, మల్ల పెరిగింది. వాన సప్పుడు పాటల పడితే పడనీ అనుకున్నడు. గంటా పది నిమిషాలకు, రాటం నిలిచి మగ్గం మొదలైన కొంచెంసేపటికి, ఒక మాట నడుమ అండాలు ఆగింది. పెదవులు కదిలినయి, మాట రాలే. తలకాయ అడ్డంగ ఊపింది.

మెహమూద్ వెంటనే బటన్ నొక్కలే. ఆమె కండ్లు తెరిచే దాక ఆగి గప్పుడు నొక్కిండు.

కుర్సీలకెల్లి లేవలే. ఉన్నోడు ఉన్నట్టే టేపుకు వైరు కలిపి, ఖాళీ కాసెట్టు పెట్టి, పాటంత దాంట్లెకు ఎక్కించిండు. ఒక దిక్కు అయిపోతె తిప్పి ఏసిండు. అది అయినంక, రూంల ఉండనీకె ఇంకో కాసెట్టుల గూడ ఎక్కించిండు. ఒక్కొక్క దానికి మల్ల గంటా పది నిమిషాలు. ఎల్లస్వామి రెండు సార్లు చాయ తెచ్చిపెట్టిండు, రెండు సార్లూ సల్లారింది. ముందుగాల ఎక్కిన కాసెట్టు మొదలు, నడుమ, ఆఖరు ఇని చూసి, పైన మారెమ్మ పేరు, అండాలు పేరు రాసి, బీరన్న చేతుల పెట్టిండు.

బీరన్న దాన్ని గొంగడి మడతల దాచుకున్నడు. తలుపు దాక పోయి ఆగిండు.

"ఏమన్న మాట్లాడు భాయ్," అన్నడు. "గింతసేపు నీ నోరు బంద్ ఉంటె మాకే బుగులైతాంది."

అండాలు నవ్వింది. ఎల్లస్వామి గూడ నవ్విండు.

"మీ అమ్మ మంచిగ పాడేది బీరన్నా," అన్నడు మెహమూద్. దానికి ఇంకొక్క మాట గూడ కలపలే.